కాలివేళ్లు తగులుకునే కుట్లు

ఆడపడుచు లేని ఇంటికి కోడలై ఉండాల్సింది. వెర్లీన్ టార్వర్ ఈ మాట ముప్ఫై ఒక్క ఏళ్లుగా మనసులో అనుకుంటూనే ఉంది, పైకి అంటే వినేవాళ్లెవరు, మొగుడు హోసియా వింటాడా, అతనికి అక్క చెప్పిందంటే బైబిల్లో ఉన్నట్టే లెక్క. చర్చి మెట్ల మీద టోపీ చేత్తో పట్టుకుని సిగ్గుపడుతూ నిలబడ్డ ఆ కుర్రాడి వెనకాల ఈ మనిషి ఉందని ఆ రోజు తను గమనించలేదు, గమనించకుండా ఉండేంత చిన్న మనిషీ కాదు డ్రుసిల్లా, ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ, ఆపైన టోపీ, టోపీ మీద ఈక. ఎవరింటికి వెళ్లినా పొయ్యి మీద గిన్నె మూత తీసి ఆకుకూరలో ఉప్పు చూసి, మూత మళ్లీ పెట్టకుండా వెళ్లిపోయే మనిషి. పాస్టరు ప్రసంగిస్తుంటే రెండో బెంచీలో కూర్చుని, పరీక్ష పేపరు దిద్దే టీచరమ్మలా పెదవులు బిగించి వినే మనిషి. వెర్లీన్ పురిటినొప్పులు పడుతుంటే తలాపున నిలబడి "అలా కాదు పిల్లా" అన్న మనిషి, ఇంకెలాగో మాత్రం చెప్పలేదు, ఆవిడకు పిల్లల్లేరు. సరే, ఇవన్నీ ఆడపడుచుతో పాటు వచ్చే సామాను, ఏ ఇంట్లోనైనా దింపుకోవాల్సిందే. కానీ కుట్లు ఊడదీయడం అని ఒకటుంది, దాన్ని మాత్రం ఏ మూల దింపుకోవాలో వెర్లీన్‌కు ఇప్పటిదాకా తెలియలేదు.

ఇప్పుడు, ఈ ఫిబ్రవరి శనివారం మధ్యాహ్నం, ఆ డ్రుసిల్లా ఇంట్లోనే, ముందుగదిలో, ఇనప పొయ్యి పక్కన మూలకున్న ఊగుడు కుర్చీలో, తొమ్మిది నెలల మనవరాలు టమేరాని గుండెల మీద పడుకోబెట్టుకుని వెర్లీన్ ఊపిరి కూడా కొలిచి పీలుస్తోంది. పిల్లకు పళ్లు వస్తున్నాయి. గంట సేపు ఊపితే ఇప్పుడే కునుకు పట్టింది, కదిలితే లేస్తుంది, లేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. వంటింట్లో, కుట్టు సాయానికి వచ్చిన ఎస్సీ మే, రొబర్టా భోజనాలు చేస్తున్నారు, మొక్కజొన్న రొట్టె వాసన, ముల్లంగి ఆకులో ఉడికిన పంది మాంసం వాసన తలుపు కింద నుంచి వస్తున్నాయి, కడుపులో ఏదో కుక్కపిల్లలా తోక ఊపుతోంది, అయినా కదలకూడదు. గది మధ్యలో పైకప్పు నుంచి నాలుగు తాళ్లతో వేలాడుతూ చట్రం, చట్రంలో బిగించి ఈ పిల్ల బొంత. పైన ముక్కలు అతికిన గుడ్డ, నడుమ దూది, అడుగున అస్తరు, మూడింటినీ కలిపి కుట్టే పని పొద్దున మొదలై మూడొంతులు అయిపోయింది. రేపు ఆదివారం పాస్టరు పిల్లను రెండు చేతుల మీద ఎత్తి దేవుడికి చూపిస్తాడు, ఆ తర్వాత టార్వర్ల ఇంటి ఆనవాయితీ, తొలి ఆడపిల్లకి ఇంటి ఆడవాళ్లంతా కలిసి కుట్టిన బొంత కప్పుతారు. వెర్లీన్ కూతురు యొలాండాకీ ఇరవై ఆరేళ్ల కింద అలాగే కప్పారు. దాన్లో మేనత్త కుట్లున్నాయి, నాయనమ్మ కుట్లున్నాయి, పక్కింటి ఎస్సీ మే కుట్లు కూడా ఉన్నాయి. కన్నతల్లి కుట్టు ఒక్కటి లేదు. అన్నీ డ్రుసిల్లా ఊడదీసింది. ఈ బొంతలో ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు, ఒక్క మూలైనా సరే, చేయి పెట్టి తడిమితే ఇది మా అమ్మమ్మది అని ఈ పిల్ల అనుకోగలిగేంత, అంతే. ఈ సంగతి వెర్లీన్ ఎవరితోనూ అనలేదు, ముప్ఫై ఒక్క ఏళ్లు అనని మనిషికి ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

తలుపు తోసుకుని డ్రుసిల్లా వచ్చింది. ఎప్పుడూ అంతే, "మీరు తినండమ్మా, నాకింకా ఆకలి లేదు" అని అందరినీ వంటింట్లో కూర్చోబెట్టి, తను ఒక్కతే చట్రం దగ్గరికి వస్తుంది. ఎందుకు వస్తుందో అందరికీ తెలుసు. తెలిసే తల వంచుకుని రొట్టె ముంచుకు తింటారు. వెర్లీన్ కూడా ఇన్నాళ్లూ ఆ గోడ అవతలే కూర్చుని తిన్నది, ఈ తతంగాన్ని కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదలు. డ్రుసిల్లా నేరుగా పొయ్యి వైపు చూసింది. చూసి, చూపు అలాగే జరిపేసి, కిటికీ వైపుకు నడిచింది. కనపడలేదు. రెండు బారల దూరంలో, ఎర్ర స్వెట్టర్ వేసుకుని, ఒళ్లో పిల్లతో కుర్చీ నిండా కూర్చున్న ఆడమనిషి ఈవిడ కంటికి కనపడలేదు! అప్పుడు ఒక్కొక్కటీ వచ్చి వరసగా నిలబడ్డాయి, మొన్న కాఫీ కప్పు పక్కన బల్ల మీద పోసి బల్లని తిట్టడం, చర్చిలో పాటల పుస్తకం ఏ పేజీ వస్తే ఆ పేజీ తెరిచి పట్టుకుని కంఠతా పాడేయడం, ఈ పొద్దున పది గంటలకి "కిటికీలో ఎండ మొహాన కొడుతోంది పిల్లా, నువ్విటు రా, నేనటు పోతా" అని నలభై ఏళ్లుగా ఎవరినీ కూర్చోనివ్వని కుర్చీని వెర్లీన్‌కు ఇచ్చేయడం. కళ్లల్లో పొర కమ్ముతోంది. ఎవరికి చెబుతుంది, హోసియాకి చెబుతుందా, డాక్టరుకి చెబుతుందా, గుడ్డిదైనా అవుతుంది గానీ ఒకరితో అనదు.

జేబులోంచి బ్లేడు తీసింది. ఒక వైపు గుడ్డ చుట్టిన పాత గడ్డం బ్లేడు, చచ్చిపోయిన మొగుడిది. కిటికీ పక్క అంచు మీద బొటనవేలు పెట్టి కుట్ల వెంబడి మెల్లగా నడిపించింది. "చూడు," అంది తనలో తను, గొంతు తగ్గించడం తెలియని మనిషి కాబట్టి గదంతటికీ వినపడేలా, "చూడు ఈ కుట్లు. పిల్ల కాలివేళ్లు తగులుకుని తెల్లారేసరికి తలకిందులుగా వేలాడదా. ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నా ఈ వెర్లీన్‌కి, ఊహూ."

కాలివేళ్లు తగులుకునే కుట్లు. ఈ మాట వెర్లీన్ మొదటిసారి విన్నది పెళ్లయిన తొలి చలికాలంలో. నది అవతలి నుంచి వచ్చిన కోడలు, పెట్టెలో రెండు గౌన్లు, ఒక దారపుండ. ఆ దారం అమ్మ ఇచ్చింది, ఎరువు సంచుల నోటికి వేసిన కుట్టు తెగకుండా లాగి, ఉతికి, రెండు పోగులు కలిపి తొడ మీద పేని చుట్టిన ఉండ, అంత లావు దారానికి అంత పెద్ద సూది, అంత పెద్ద కుట్టు, అమ్మ కుట్టిన బొంతలన్నీ అలాగే ఉండేవి, దూరం నుంచి చూసినా ఏ దారి ఎటు పోతుందో కనపడేది. "కుట్టు కనపడితే సిగ్గేంటే, కుట్టింది మనమేగా" అనేది అమ్మ. ఆ ఉండతో తను చట్రం దగ్గర కూర్చుని రోజంతా కుట్టి, మర్నాడు మరిచిపోయిన వేలితొడుగు కోసం వచ్చి చూస్తే, తన కుట్లున్న చోట సూది చిల్లులు మిగిలాయి, ఖాళీ చిల్లులు, వాటి పక్కనే కొత్తగా చీమల బారులా సన్నటి కుట్లు. దారం ముక్కలు చెత్తబుట్టలో ఉన్నాయి. అమ్మ తొడ మీద పేనిన దారం. ఏరుకుని జేబులో వేసుకుంది, ఎందుకు ఏరుకుందో ఇప్పటికీ తెలియదు, దేనికీ పనికిరాని జానెడు జానెడు ముక్కలు. ఎస్సీ మే ఓదార్చింది, "నావీ ఊడదీసేది సిస్టర్, రెండో ఏడు మానేసింది, నీవీ మానేస్తుందిలే." మానలేదు. ఇంటి దగ్గర తను ఒంటరిగా ఒళ్లో పెట్టుకుని కుట్టిన బొంతలు పంతొమ్మిది, వాటి కింద హోసియా పడుకుంటాడు, అతని కాళ్లు పడవ తెడ్లంత, ఏ ఒక్క వేలూ ఏ ఒక్క కుట్టుకూ ఇంతవరకూ తగులుకోలేదు. ఈ సాక్ష్యం ఎవరూ అడగలేదు, అంతే.

ఫట్, మొదటి కుట్టు తెగింది. ఫట్, రెండోది. వెర్లీన్ కళ్లు మూసుకుంది, తన ఒంటి మీద తెగుతున్నట్టే ఉంది, పిల్ల వీపు మీది చేయి బిగుసుకుంది, లేచి ఆ బ్లేడు లాక్కుంటే, అరిస్తే, పిల్ల లేస్తుంది, లేవనీ, ఈ ఒక్కసారికి లేవనీ అనుకుంటూ కళ్లు తెరిచి చూసింది, చూసి అలాగే ఉండిపోయింది. డ్రుసిల్లా ఊడదీస్తున్నది కుడి చివర. కిటికీ పక్క అంచున కుడి చివర. అక్కడ పొద్దున పది గంటల దాకా కూర్చున్నది ఎవరు?

ఈ ఊళ్లో బొంత మీద విసనకర్రలు కుడతారు. అచ్చులు, కొలబద్దలు ఏమీ ఉండవు, అంచున మోచేయి ఆనించి, వేళ్ల సందున సుద్దముక్క పట్టుకుని, ముంజేతిని ఇటు నుంచి అటు తిప్పితే ఒక వంపు గీత, దాని లోపల బొటనవేలు వెడల్పున ఇంకొకటి, ఇంకొకటి, అలా మోచేతి దాకా. ఆ గీతల మీదే కుట్టు. పొడుగు చేతుల మనిషి విసనకర్ర పెద్దది, పొట్టి చేతుల మనిషిది చిన్నది, దారం మార్చొచ్చు, సూది మార్చొచ్చు, మోచేయిని మార్చలేరు. కిటికీ పక్క అంచు మీద కుడి చివర రెండు పెద్ద విసనకర్రలు, వాటికి ఎడమ పక్కన మూడు చిన్నవి. చిన్నవి మూడూ వెర్లీన్‌వి. ఎండ తగిలి కుర్చీ మారినప్పుడు అప్పటికే తను కుట్టిన రెండూ అక్కడ వదిలేసి వెళ్లానన్న సంగతి డ్రుసిల్లా మరిచిపోయింది. తనవి తనే ఊడదీసుకుంటోంది. చదువుకున్నది, చర్చిలో ఆడవాళ్ల సంఘానికి ముప్ఫై ఏళ్లుగా అధ్యక్షురాలు, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ ఎత్తి, కోసి, లాగి, "ఛీ" అని పక్కన పడేస్తోంది.

నవ్వు. నవ్వు పొట్టలో పుట్టి పైకి వస్తోంది, రానివ్వకూడదు, ఛాతీ ఎగిరితే పిల్ల ఎగురుతుంది, వెర్లీన్ కింది పెదవి పళ్ల కింద పెట్టుకుని పైకప్పు వైపు చూసింది, గోడ మీది పాత క్యాలెండరు చూసింది, పోయిన పాస్టర్ల ఫొటోలు చూసింది, వాళ్లు కూడా నవ్వు ఆపుకుంటున్నట్టే ఉన్నారు. చెప్పాలి. మంచి క్రైస్తవురాలైతే చెప్పాలి. కానీ పిల్ల పడుకుంది కదా, గంట సేపు ఊపితే పడుకుంది, ఇంత పసిబిడ్డ నిద్ర పాడుచేయడం ఏ దేవుడికిష్టం. ఫట్. "ఇదేం దారం లాగడం, పీనుగులా వదులుగా" అంది డ్రుసిల్లా, వేలికి దారం చుట్టుకుంటూ. అవును సిస్టర్, చాలా వదులు, ఎవరిదో ఏమో, ఊడదీయి. ఫట్. ఎవరు నేర్పారో ఏమో, బాగా అను. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఇంత కడుపు నిండిన మధ్యాహ్నం తను ఎరగదు, వంటింట్లో ఆ రొట్టె మొత్తం ఎస్సీ మే తినేసినా ఫరవాలేదు.

నిజానికి ఆ బొటనవేలు తప్పు చెప్పలేదు, అదీ తమాషా. కుట్లు పెద్దవే. కళ్లు మసకబారాక డ్రుసిల్లా కుట్లు సాగిపోయాయి, ఒకటి గోధుమ గింజంత, ఒకటి చిక్కుడు గింజంత, వేలికి తెలిసింది, మనిషికి తెలియలేదు. ఆ పొడుగు వెన్ను అలా వంగి, ముక్కు గుడ్డకు ఆనేంతగా వంగి ఉంటే, వెర్లీన్ నవ్వు మధ్యలో ఎక్కడో తట్టుకుని ఆగింది. ఈ వీపు తనకు బాగా తెలుసు. పంతొమ్మిది వందల అరవై అయిదు, కోర్టు మెట్ల దగ్గర వాన, ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవడానికి నల్లవాళ్లు నిలబడ్డ వరస, వరస పక్కన లాఠీ తిప్పుతూ తెల్ల పోలీసు, వెర్లీన్‌కు ముందు నిలబడ్డ డ్రుసిల్లా వెనక్కి తిరక్కుండానే కోటు గుండీలు విప్పి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, గుడారంలా వెడల్పయింది. "నా వెనకాలే ఉండు పిల్లా, వాడికి నువ్వు కనపడవు" అంది. మూడుసార్లు వెనక్కి పంపారు. మూడుసార్లూ ఆ వీపు వెనకే నిలబడింది. నాలుగోసారి పేర్లు రాసుకున్నారు, ఓటు అడిగినందుకు ఆ వారమే తెల్ల భూమి యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నాడు, లారీ మీద సామానుకన్నా బొంతలే ఎక్కువ, చలికి వణికే ముసలి అత్తగారి చుట్టూ డ్రుసిల్లా చేతికందిన బొంత చుట్టింది, అది వెర్లీన్ కుట్టిందే, పెద్ద కుట్లది, ఆ రోజు మాత్రం కాలివేళ్ల ఊసు ఎత్తలేదు. ఇలాంటి మనిషిని హాయిగా ద్వేషించడానికి కూడా కుదరదు. అసలు చిక్కంతా అదే.

రెండు విసనకర్రలూ ఊడిపోయాయి. గుడ్డ మీద చిల్లుల వంపులు మాత్రం మిగిలాయి, హోసియా పాత పని ప్యాంటు ముక్క అది, ఏళ్ల ఎండకు వెలిసిపోయిన నీలం, జేబు ఊడదీసిన చోట మాత్రం జేబు ఆకారంలో కొత్త గుడ్డంత ముదురు నీలం, ఆ నీలం మీదుగా చిల్లులు చుక్కల్లా ఉన్నాయి. డ్రుసిల్లా కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. సూదికి దారం ఎక్కించబోయింది, తడిపి, నలిపి, మళ్లీ తడిపి, అయిదోసారికి ఎక్కింది. ఇక కొత్త గీత గీయాలి. మోచేయి అంచున ఆనించింది, సుద్దముక్క పట్టుకుంది, ముంజేయి తిప్పింది. ఆగింది. సుద్ద పక్కన పెట్టి, అదే మోచేయి అక్కడే ఉంచి, ఉత్త వేలితో మళ్లీ తిప్పింది. వేలు ఒక్కొక్క చిల్లు మీదుగా జారుతూ వెళ్లింది, ఎక్కడా తప్పకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది. డ్రుసిల్లా మూడోసారి తిప్పింది. ఈ ఊళ్లో అంత పొడుగు చేయి ఇంకొకరికి లేదు.

తర్వాత మెల్లగా ఎడమ పక్కకి జరిగింది, చిన్న విసనకర్రల దగ్గరికి. అక్కడ మోచేయి ఆనిస్తే ఆవిడ వేలు గీత దాటి నాలుగంగుళాలు అవతల పడింది. బొటనవేలు పెట్టి కుట్లు తడిమింది. మొదటి వరస, రెండో వరస. వెర్లీన్‌కు తన కుట్లు తెలుసు, చిన్నవేం కాదు, ఎప్పటికీ చిన్నవి కావు, కానీ కండెకు పట్టిన మొక్కజొన్న గింజల్లా ఒకటి పక్కన ఒకటి, ఒకే అంత, ఒకే బిగువు. ఆ వేలు మూడో వరస కూడా తడిమింది, ఆగి మళ్లీ మొదటికి వచ్చింది. వెతుకుతోంది, దొరకట్లేదు. రెండో చేతిలోకి బ్లేడు వచ్చింది, అలవాటు చొప్పున వచ్చినట్టుంది, కుట్టు మీద గాల్లో నిలబడింది. అప్పుడు వెర్లీన్ నోరు తెరిచింది. ఇన్నేళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మాట ఇంత చిన్నదా అనిపించింది.

"అవి నావి సిస్టర్. ముట్టుకోకు."

డ్రుసిల్లా బ్లేడు జారవిడిచింది. "దేవుడా! ఎవరూ? పిల్లా, నువ్వా? ఎంతసేపటి నుంచి ఉన్నావక్కడ?"

"నీ కుట్లు నువ్వు ఊడదీయడం మొదలుపెట్టినప్పటి నుంచి."

"నోరు పెగల్లేదా అప్పుడు?"

"పిల్ల పడుకుంది."

డ్రుసిల్లా పొయ్యి వైపు ముఖం తిప్పి, కళ్లు చికిలించి, ఎర్ర స్వెట్టర్ ఎక్కడుందో వెతుక్కుంది. వెర్లీన్ లేచింది. ఎలా లేచిందో, పిల్ల కదలను కూడా కదల్లేదు, నేరుగా వెళ్లి ఆ వేడి వేడి మూటని ఆవిడ చేతుల్లో పెట్టి, "లే సిస్టర్, నాక్కాస్త కుర్చీ ఇవ్వు, పళ్ల నొప్పి పిల్ల, కూర్చోకు, నడుస్తూ ఊపు" అంది. డ్రుసిల్లా లేచింది. నిజంగా లేచింది. వెర్లీన్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆ ముదురు నీలం జేబు మీద మోచేయి ఆనించి, తన ముంజేయి ఎంతుంటే అంత, సుద్దతో గీత తిప్పింది. సూది దించింది. గుడ్డ, దూది, అస్తరు, అడుగున వేలు కొసకు సూది మొన తగలగానే పైకి, మళ్లీ కిందికి, దారం లాగితే ఆ సన్నటి చప్పుడు, ఎండ వెచ్చగా మణికట్టు మీద. ఆవిడ పెద్ద చిల్లుల వంపు లోపల తన చిన్న వంపు పడుతోంది, బయట ఖాళీ చిల్లులు ఒక వరస అలాగే మిగిలిపోతున్నాయి, మిగలనీ, ఉతికితే పూడుకుంటాయి, పూడకపోయినా ఏం. నాలుగు కుట్లు, ఎనిమిది, పదహారు, ఇవి ఉండేవి, ఇవి ఈ పిల్ల జ్వరం వచ్చి పడుకున్నప్పుడు ఉంటాయి, పెద్దదై అలిగి ముసుగు తన్నినప్పుడు ఉంటాయి, తను పోయాక ఉంటాయి. వెర్లీన్ కూనిరాగం తీస్తోంది, తీస్తున్నట్టు తనకే తెలియదు. వెనకాల డ్రుసిల్లా అడుగుల చప్పుడు, గది ఆ మూల నుంచి ఈ మూలకు.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఎస్సీ మే పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, రొబర్టా చేతులు తుడుచుకుంటూ వచ్చారు, వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. డ్రుసిల్లా కుర్చీలో వెర్లీన్. నేల మీద కత్తిరించిన దారం పోగులు. గుడ్డ మీద ఖాళీ చిల్లులు. ఎస్సీ మే ఆ పోగులు చూసి, అలవాటుగా జాలి ముఖం పెట్టి వెర్లీన్ భుజం మీద చేయి వేసింది.

"పోన్లే సిస్టర్, ఈ సారి కూడానా? మనవరాలి బొంత కూడా వదల్లేదా ఈవిడ?"

ఎంత సుళువు. డ్రుసిల్లా నోరు మూసుకుంటే చాలు, ఊడిపోయినవి వెర్లీన్ కుట్లేనని ఈ ఊరు ఇంకో ముప్ఫై ఏళ్లు నమ్ముతుంది. వెర్లీన్ సూది ఆపలేదు, తల ఎత్తలేదు, చెప్పే పని కూడా తనది కాదనిపించింది. తనవి అక్కడున్నాయి, అయిదు విసనకర్రలవుతున్నాయి, ఎవరేమన్నా ఉంటాయి. అడుగుల చప్పుడు ఆగింది.

"ఊడదీసింది నేనే ఎస్సీ మే," అంది డ్రుసిల్లా. "కుట్టిందీ నేనే. నావే. నా కళ్లు పోతున్నాయి, నా కుట్లు చూస్తే పశువుల డాక్టరు కుట్టినట్టున్నాయి. వెర్లీన్‌వి తడిమాను, మూడు వరసలు తడిమాను, వంక దొరకలేదు. అప్పుడూ లేదేమో, నేనే దొరకబుచ్చుకున్నాను. ఇన్నేళ్లూ తప్పు నాది."

ఎస్సీ మే గొంతు సవరించుకుంది.

"కాస్త గట్టిగా చెప్పు సిస్టర్, రొబర్టాకి ఎడమ చెవి వినపడదు."

డ్రుసిల్లా ఆవిడ వైపు ఒక చూపు చూసింది, చర్చిలో పాస్టర్లకు చెమటలు పట్టించిన చూపు. తర్వాత రొబర్టా కుడి చెవి వైపుకు తిరిగి, పిల్లను భుజం మార్చుకుని, వీధిలోకి వినపడేలా అంది.

"తప్పు నాది!"